పేషెంటుకు మీరేమవుతారు? నెల్లూరులో ఒక ఇంటి కేసు

ఈ కేసుకు దావా నంబరు లేదు, తీర్పు లేదు. కోర్టు మెట్లెక్కకుండా ఉండాలనే పనంతా చేశాం కాబట్టి లేకపోవడమే మంచిది. ఇరవై ఏళ్లకు పైగా నెల్లూరులో సివిల్ వైపు ప్రాక్టీసు చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పార్టిషన్ దావాలు, గట్టు తగాదాలు, చెల్లని చెక్కులు. జంటగా బతుకుతున్న ఇద్దరు ఆడవాళ్ల ఫైలు నాకిదే మొదటిది. ఇందులో రెండు చోట్ల నేనే తప్పు సలహా ఇచ్చాను, వాటినీ దాచను. రాయడానికి కక్షిదారులిద్దరూ ఒప్పుకున్నారు. మనుషులను గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని మార్చాను. చట్టానికి సంబంధించినవి మార్చలేదు. ఫైలు అట్ట మీద రాసుకున్నట్టే ఇక్కడా పెద్దామె, చిన్నామె అంటాను.

రెండు జవాబులు

2024 నవంబరు. నెల్లూరులో నవంబరంటే వాన. ఆఫీసు మెట్ల దగ్గర గొడుగు ఆరబెట్టి ఇద్దరు ఆడవాళ్లు లోపలికి వచ్చారు. ఒకామె రెండో ఆమెను మోచెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, జారిన పమిట సర్ది, తర్వాత తాను కూర్చుంది. పెద్దామెకు 46 ఏళ్లు. ఎడమ చెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు, మాట కాస్త ముద్దగా ఉంది. రెండు నెలల ముందు తన కుట్టు కొట్టులో జాకెట్టు గుడ్డ కత్తిరిస్తూ అక్కడే కూలిపోయింది. మెదడులో రక్తస్రావం.

"ఇల్లు నా పేరు మీద ఉంది మేడమ్. ఈమె పేరు మీదికి మార్చాలి, తొందరగా" అంది.

"ఈమె మీకు ఏమవుతారమ్మా?" అని అలవాటుగా అడిగాను.

"చెల్లెల్ని" అని చిన్నామె, "ఏమీ కాదు" అని పెద్దామె, ఇద్దరూ ఒకేసారి అన్నారు.

ఒకే ప్రశ్నకు రెండు జవాబులు వస్తే నేను పెన్ను కింద పెట్టి టీ తెప్పిస్తాను. టీ వచ్చేలోపు గుమాస్తాను ఏదో పని మీద బయటికి పంపాను. అప్పుడు చెప్పారు.

పెద్దామెది ఉదయగిరి వైపు మెట్ట ఊరు. 1996లో పెళ్లి, 1998లో లారీ ప్రమాదంలో భర్త పోయాడు. పిల్లలు లేరు. కర్మకాండ అయిన నెలకే అత్తింటివారు పుట్టింటికి పంపేశారు. పుట్టింట్లో వదినకు బరువైంది. నెల్లూరు వచ్చి కుట్టుపని నేర్చుకుంది. చిన్నామెకు పెళ్లి కాలేదు, ప్రైవేటు ల్యాబులో టెక్నీషియన్. ఇద్దరికీ పరిచయమైంది ఆడవాళ్ల హాస్టల్లో. 2008 నుంచి ఒకే ఇంట్లో ఉంటున్నారు. వీధిలో వాళ్లకు వీళ్లు అక్కాచెల్లెళ్లు. ఆ వరుస వీళ్లు చెప్పుకున్నది కాదు, ఇల్లు అద్దెకిచ్చిన మొదటి ఇంటావిడే కలిపేసింది. వరుస లేకుండా ఇద్దరు మనుషులు ఒక గడపలో ఉండడం మనకు ఊపిరాడని సంగతి, ఏదో ఒకటి మనమే కలిపేస్తాం. వీళ్లూ కాదనలేదు. అద్దె ఇల్లు దొరకడానికి అంతకు మించిన గుర్తింపు కార్డు లేదు.

2013లో పన్నెండు అంకణాల ఇల్లు కొన్నారు. బయటి జిల్లాల వారికి చెప్పాలి, మాకు ఇళ్ల స్థలాలు గజాల్లో తోచవు. అంకణం అంటే 72 చదరపు అడుగులు. కొనడానికి ముందు ఏడాది రొట్టెల పండుగలో, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి సొంత ఇంటి రొట్టె పట్టుకున్నారట. కోరిక తీరిన మరుసటి ఏడాది వెళ్లి రొట్టె ఇచ్చి వచ్చారు. దస్తావేజు పెద్దామె పేరు మీద రాయించారు. బ్యాంకు వాయిదాలో సగం నెలనెలా చిన్నామె జీతంలోంచి వెళ్లింది.

ఆస్పత్రిలో ఆపరేషన్‌కు ముందు సమ్మతి పత్రం ఇచ్చి అడిగారట, పేషెంటుకు మీరేమవుతారని. చిన్నామె "సిస్టర్" అని రాసి సంతకం పెట్టింది. ఎవరూ ఆధార్ అడగలేదు. ఆపరేషన్ బాగా జరిగింది. మూడో రోజు పెద్దామె అన్న వచ్చి కౌంటరులో "ఈమెకు చెల్లెళ్లు లేరే!" అన్నాడు. ఆ మాటతో చిన్నామెను ఐసీయూ కిటికీ దగ్గరికి కూడా రానివ్వలేదు. నాలుగు రోజులు కింద మందుల దుకాణం ముందు బల్ల మీద కూర్చుంది. మందుల చీటీలు మాత్రం ఆమె చేతికే వచ్చేవి. డబ్బు కట్టడానికి వరుస అక్కర్లేదు.

రెండేళ్ల కాపురం, పదహారేళ్ల కాపురం

నేను వాళ్లకు మొదట చెప్పిన సంగతి వాళ్లు అడిగింది కాదు. "మీరు ఆస్పత్రిలో చనిపోయి ఉంటే ఇల్లు ఎవరికి పోయేదో తెలుసా?" అన్నాను. అన్నకు పోతుందని ఇద్దరూ అనుకుంటున్నారు. అన్న కూడా అదే అనుకుంటున్నాడు.

కాదు, మరిదికి పోతుంది.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం హిందూ స్త్రీ వీలునామా లేకుండా చనిపోతే ఆస్తి మొదట పిల్లలకు, భర్తకు. వాళ్లు లేకపోతే భర్త వారసులకు. ఆ వైపు ఎవరూ లేకపోతేనే ఆమె తల్లిదండ్రులకు. పుట్టింటి నుంచి సంక్రమించిన ఆస్తికి వేరే నియమం ఉంది గాని, ఈ ఇల్లు స్వార్జితం. పెద్దామె అత్తగారు పోయారు, మరిది ఉన్నాడు. ఈమె 1998 తర్వాత అతని ముఖం చూడలేదు.

నమ్మలేకపోతే 2009లో సుప్రీంకోర్టు ఓంప్రకాశ్ వర్సెస్ రాధాచరణ్ కేసులో ఏం చెప్పిందో చదవవచ్చు. 1955లో పెళ్లయిన మూడు నెలలకే భర్తను పోగొట్టుకుని, అత్తింటి నుంచి వెళ్లగొట్టబడి, పుట్టింట్లో చదువుకుని ఉద్యోగం చేసి సంపాదించుకున్న స్త్రీ ఆస్తి అది. వీలునామా రాయలేదు. కష్టంగా ఉన్నా చట్టం చట్టమేనంటూ కోర్టు ఆ సంపాదనను భర్త వైపు వారికే ఇచ్చింది.

రెండేళ్ల కాపురం ఇరవై ఆరేళ్ల తర్వాత కూడా తాళం చెవి పట్టుకుని కూర్చుంది. పదహారేళ్ల కాపురం చట్టం కంటికి ఆనలేదు. పెద్దామె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా మరిదికి నా ఇల్లు ఎక్కడుందో కూడా తెలియదు మేడమ్" అంది.

నా తప్పులు, కాగితాలు

వాళ్లు అడిగినట్టు వెంటనే గిఫ్టు దస్తావేజు రాద్దామన్నాను. అది నా మొదటి తప్పు. భార్యాభర్తలకు, రక్తసంబంధీకులకు రాసే గిఫ్టుకు స్టాంపు డ్యూటీలో రాయితీ ఉంది. వీళ్లు పరాయివాళ్ల లెక్క. అంతకంటే పెద్ద చిక్కు ఆదాయపు పన్ను. చట్టం చెప్పిన ‘బంధువు’ కాని వ్యక్తి నుంచి 50,000 రూపాయల విలువ దాటిన ఆస్తి ఉచితంగా వస్తే, ఆ విలువ తీసుకున్నవారి ఆదాయం కింద లెక్క. ల్యాబు జీతం మీద ఇంటి విలువకు పన్ను కట్టాలి. భార్యకు భర్త కోటి రూపాయల మేడ రాసిచ్చినా ఈ పన్ను రాదు. ఆడిటరు మిత్రుడు ఫోనులో ఈ సంగతి గుర్తుచేసేసరికి ముసాయిదా సగం టైపయింది.

చిన్నామె కట్టిన సగం వాయిదాల లెక్క చూపి హక్కు అడగవచ్చా? అదీ ప్రమాదమే. భార్య పేరు మీద భర్త కొంటే బినామీ చట్టం మినహాయింపు ఇస్తుంది. స్నేహితురాలి పేరు మీద కొన్నానని తానే చెప్పుకుంటే మొదటికే మోసం వస్తుంది.

రెండో తప్పు ఆస్పత్రి కాగితం. చిన్నామె పేరు మీద జనరల్ పవరు, అంటే తన తరఫున పనులు చేసే అధికారం, రాసిస్తే డాక్టర్ల దగ్గర చెల్లుతుందనుకున్నాను. నా జూనియర్, నిరుడు ఎన్‌రోల్ అయిన అమ్మాయి, "మేడమ్, ప్రిన్సిపల్‌కు తెలివి లేనప్పుడు పవరు కూడా పోతుంది కదా" అంది. ప్రిన్సిపల్ అంటే పవరు రాసిచ్చిన మనిషి. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్, లా కాలేజీలో బట్టీ పట్టినదే. మనిషి స్పృహలో ఉన్నంతసేపే పనిచేసే కాగితం ఐసీయూ ముందు ఎందుకు?

చివరికి తేలిన ఏర్పాటు ఇది. ఇల్లు పెద్దామె పేరు మీదే ఉంచి, వీలునామా రాసి రిజిస్టరు చేయించాం. తీవ్రమైన జబ్బు చివరి దశలో చికిత్స కొనసాగించాలా ఆపాలా అన్న విషయంలో ముందస్తు వైద్య ఆదేశం రాయించాం. 2018లో సుప్రీంకోర్టు దీనికి దారి తెరిచింది, 2023 జనవరిలో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ చాలు. మానసిక ఆరోగ్య చికిత్స వరకు 2017 నాటి చట్టం ఇంకా ఉదారం. ఎవరినైనా ప్రతినిధిగా తెల్లకాగితం మీద రాసి సంతకం చేస్తే సరిపోతుంది, వరుస అడగదు. కాని మామూలు ఆపరేషన్ సమ్మతికి అంత స్పష్టమైన కాగితమేదీ లేదు. 2002 నాటి వైద్యుల నియమావళిలో కనిపించే మాటలు భర్త లేదా భార్య, మైనరుకైతే తల్లిదండ్రులు లేదా గార్డియన్, లేదా రోగి తానే. అందుకని ఒక నోటరీ ప్రకటన రాయించి, ఆస్పత్రి పాత ఫైలులో దాఖలు చేసి, ముట్టినట్టు స్టాంపు వేయించుకున్నాం. అది చట్టం ఇచ్చిన హక్కు కాదు, డాక్టరుకు ధైర్యం ఇచ్చే కాగితం మాత్రమే. వాళ్లకు ఆ తేడా విడమరిచి చెప్పాను.

బ్యాంకులో ఉమ్మడి ఖాతాకు అరగంట పట్టింది. స్వలింగ సహచరులు ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టత ఇచ్చింది. నేను ఆ ప్రతి పట్టుకుని వెళ్లాను. తీయనే లేదు. ఇద్దరు ఆడవాళ్లు ఉమ్మడి ఖాతా అడిగితే మేనేజరుకు అనుమానమే రాలేదు. అయితే నామినీ అంటే సొంతదారు కాదు, డబ్బు అందుకుని వారసులకు అప్పగించవలసిన ధర్మకర్త అని 1983 నుంచి సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. బీమాలో 2015 సవరణ తర్వాత నామినీయే అనుభవించే వెసులుబాటు వచ్చింది గాని, తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలకే. కాబట్టి ప్రతి నామినేషన్ వెనకా వీలునామాలో ఒక వాక్యం తప్పనిసరి.

రేషన్ సంగతి మరీ విచిత్రం. ఇలాంటి జంటలను రేషన్ కార్డు కోసం ఒకే కుటుంబంగా చూడాలని కేంద్రం రాష్ట్రాలకు రాసినట్టు 2024 సెప్టెంబరు 1న ప్రకటించింది. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు సహచరి మృతదేహాన్ని తీసుకునే వీలు గురించి ఆరోగ్య శాఖ లేఖ కూడా అందులోనే ఉంది. వార్డు సచివాలయంలో అడిగితే ఆ కుర్రాడు మర్యాదగానే విని, "యాప్‌లో ఆ ఆప్షన్ లేదు మేడమ్" అన్నాడు. నేను ఇంకో అర్జీ రాయబోతుంటే పెద్దామె నా చెయ్యి పట్టుకుంది. ఆమెకు నెలకు 4,000 రూపాయల వితంతు పింఛను వస్తుంది. కార్డు ఒకటైతే ఇద్దరి ఆదాయం కలుస్తుంది, పరిమితి దాటుతుంది, పింఛను పోతుంది. అర్జీ చింపేశాను.

వీలునామాలో ఒక మాట

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులు చాలు. నాకు భయం వేరే. సహజ వారసులను కాదని పరాయివారికి రాసినప్పుడు కోర్టు దాన్ని అనుమానంతో చూస్తుంది, ఆ అనుమానం తీర్చాల్సిన బరువు వీలునామా చూపించేవారి మీదే పడుతుంది. రాసింది మెదడు ఆపరేషన్ అయిన మనిషి. రాయించుకునేది అదే ఇంట్లో ఉంటూ మందులు వేసే మనిషి. మరిది తరఫు వకీలును నేనైతే ఈ రెండు వాక్యాలతోనే వాదన మొదలుపెడతాను. అందుకే న్యూరాలజిస్టు దగ్గర తెలివిడి ధ్రువపత్రం తీసుకున్నాం. కారణాలు వీలునామాలోనే వివరంగా రాయాలనుకున్నాం.

అక్కడ పేచీ వచ్చింది. లబ్ధిదారును ఏమని రాయాలి? మా దస్తావేజు లేఖరి ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్నవాడు. "వరుస లేకుండా రాస్తే బాగుండదమ్మా, పెంపుడు చెల్లెలు అని రాద్దాం" అన్నాడు. చిన్నామె సరేనంది. ఆస్పత్రి కౌంటరులో ఏమైందో గుర్తుచేశాను. అబద్ధం ఒక్కటి దొరికితే కాగితం మొత్తం చెడుతుంది. ‘స్నేహితురాలు’ నిజమే గాని చాలదు. స్నేహితురాలికి ఇల్లెందుకు రాస్తావని అడ్డంగా అడుగుతారు. ‘సహచరి’ అంటే పెద్దామె నవ్వింది, అది పత్రికల్లో చదివే మాట, తన నోట ఎప్పుడూ రాలేదంది.

జవాబు మా దస్తావేజుల మొదటి పంక్తిలోనే ఉంది. ఎవరి గురించి రాసినా ఫలానా ఊరు, ఫలానా వీధి ‘కాపురస్తురాలు’ అని మొదలుపెడతాం. అక్కడి నుంచి అందుకుని ఇలా రాశాను: "2008వ సంవత్సరము నుండి నాతో ఒకే కుటుంబముగా కాపురముంటూ, నా కష్టసుఖములలో తోడుండి, సదరు ఇంటి రుణములో సగభాగము తన స్వంత జీతము నుండి చెల్లించి, నా అనారోగ్యకాలమున నాకు సకల సేవలు చేసిన ఆమెకు, నా మెట్టినింటి వారితోను పుట్టింటి వారితోను నాకు అనేక సంవత్సరములుగా రాకపోకలు లేనందున..." అక్షరం అబద్ధం లేదు. అర్థం కావలసినవారికి అర్థమవుతుంది. లేఖరి రెండుసార్లు చదివి, "కాపురం మాట బాగా కుదిరిందమ్మా" అని టైపుకు పంపాడు. అతనికి ఎంతవరకు అర్థమైందో నేను అడగలేదు.

సాక్షుల్లో ఒకరు పక్కింటి పెద్దాయన, ఆర్టీసీలో చేసి రిటైరైనవారు. సాక్షికి వీలునామాలో ఏముందో తెలియనక్కర్లేదు. కాని ఆయన అద్దాలు పెట్టుకుని, రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో నిలబడి, మొత్తం చదివారు. చిన్నామె గోడ వైపు తిరిగింది. ఆయన సంతకం చేసి, పెన్ను జేబులో పెట్టుకుని ఒక్కటే అడిగారు: "మరి కుళాయి పన్ను ఇకమీదట ఎవరి పేరు మీద వస్తుంది?"

స్టేషన్

2025 ఫిబ్రవరిలో అన్న పోలీసులకు అర్జీ పెట్టాడు, జబ్బుమనిషిని ఇంట్లో బంధించి ఆస్తి రాయించుకున్నారని. ముగ్గురం వెళ్లాం. 2018 సెప్టెంబరు 6 నాటి నవ్‌తేజ్ సింగ్ జోహార్ తీర్పు నా సంచిలో ఉంది. ఒకే లింగానికి చెందిన వయోజనులు ఇష్టపూర్వకంగా కలిసి ఉండడం నేరం కాదని చెప్పిన తీర్పు అది. అంతకంటే పనికొచ్చింది రెండు నెలల ముందటి మన హైకోర్టు ఆదేశం. తండ్రి తీసుకుపోయిన ఒక యువతి తన ఇష్టప్రకారం సహచరి దగ్గర ఉండవచ్చని 2024 డిసెంబరులో ధర్మాసనం చెప్పింది. ఎస్సై కాగితాలు పక్కన పెట్టి నేరుగా పెద్దామెనే అడిగాడు, "మీరు ఎవరి దగ్గర ఉంటారమ్మా?" అని.

"ఈమె నా దగ్గర ఉంటోంది. ఇల్లు నాది" అంది ఆమె. ముద్దమాటైనా స్పష్టంగానే వినిపించింది. అర్జీ అక్కడితో మూసేశారు. అన్న బయట నన్ను ఆపి, "వాళ్లకు పెళ్లయిందా మేడమ్, ఇంత హక్కుగా మాట్లాడుతున్నారు?" అన్నాడు. వెటకారమే. అయినా ఆ ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పాలనిపించింది.

పెళ్లి సంగతి

బార్ అసోసియేషన్ గదిలో స్వలింగ వివాహం విషయం ఎత్తితే మూడు రకాల మాటలు వినబడతాయి.

ఇది నగరాల్లో పైవర్గాల వారి సరదా అనేది మొదటిది. 2023లో సుప్రీంకోర్టులో కేంద్రం కూడా ఇదే ధోరణిలో వాదించింది. నా కక్షిదారుల్లో ఒకామె చీరలకు ఫాల్సు కుట్టి బతుకుతుంది. ఇంతకు మించి ఈ వాదనకు జవాబు చెప్పను.

సుప్రీంకోర్టే కాదన్నది కదా అనేది రెండోది. ఏది కాదన్నదో చూడాలి. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులు, పెళ్లి చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని కోర్టు తిరగరాయజాలదని ఏకగ్రీవంగా చెప్పారు. పెళ్లి కాకపోయినా ఆ బంధానికి చట్టపరమైన గుర్తింపు ఇవ్వాలా అన్న దగ్గర చీలారు. ఇవ్వాలని చంద్రచూడ్, కౌల్. కోర్టు అలా ఆదేశించజాలదని భట్, కోహ్లీ, మన తెలుగువారైన నరసింహ. ముగ్గురిది మెజారిటీ అయింది. 2025 జనవరి 9న రివ్యూ పిటిషన్లూ కొట్టేశారు. ఇన్ని పేజీల్లో ఎక్కడా శాసనసభలు ఇలాంటి చట్టం చేయకూడదని లేదు. చేయవలసింది మీరని అటువైపు చూపించారు. ముందు చెప్పిన రేషన్, బ్యాంకు లేఖలు ఆ తీర్పు తర్వాత కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన వేసిన కమిటీ పుణ్యమే.

అదే తీర్పులో ట్రాన్స్‌జెండర్ స్త్రీ పురుషుణ్ని పెళ్లాడవచ్చని అయిదుగురూ ఒప్పుకున్నారు. మా పక్కనే ఒంగోలులో నమోదైన ఒక కేసులో, 2025 జూన్‌లో మన హైకోర్టు ట్రాన్స్ మహిళ కూడా వరకట్న వేధింపుల ఫిర్యాదు చేయగల స్త్రీయేనని చెప్పింది. ఆధారాలు చాలక ఆ కేసు నిలవలేదు, సూత్రం నిలిచింది. అంటే పెళ్లి అనే గది తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. నా ఇద్దరు కక్షిదారుల తలుపు మాత్రం మూసే ఉంది.

మూడోది పెద్దలు చెప్పేది: వివాహం సంస్కారం, చట్టం చెయ్యి పెట్టే చోటు కాదు. ఈ మాట అన్న సీనియర్ అంటే నాకు గౌరవం. కాని ఆయన జీవితమంతా విడాకుల కేసులు నడిపారు. సంస్కారానికి విడాకులు ఇచ్చింది 1955 నాటి చట్టమే. వితంతు వివాహం 1856లో చట్టమైంది. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి పెళ్లి చేయించింది 1881లో. పాతికేళ్లు ఆ చట్టం మన వైపు ఒక్క పెళ్లీ లేకుండా పుస్తకంలో ఉండిపోయింది. ఉన్నందుకే ఆ రాత్రి పెళ్లి చెల్లింది.

ఇక్కడ నేను మిత్రులతో గట్టిగా వాదించే సంగతి ఒకటుంది. ప్రభుత్వం అనగానే అందరూ ఢిల్లీ వైపు చూస్తారు. వివాహం, వారసత్వం, వీలునామాలు ఉమ్మడి జాబితాలో అయిదో అంశం. రాష్ట్రం కూడా చట్టం చేయవచ్చు, కేంద్ర చట్టానికి భిన్నంగా ఉంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి. తమిళనాడు 1967లో పురోహితుడు, హోమం లేని ఆత్మగౌరవ వివాహాలను సవరణతో చెల్లేలా చేసింది. మన సంగతి ఇంకా పెద్దది. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లో ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా ఇస్తూ, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా వారసత్వ చట్టాన్ని సవరించింది. కుటుంబాలు కూలిపోతాయని అప్పుడూ అన్నారు. కేంద్రం అదే పని 2005లో చేసింది. పెళ్లి చట్టం ఢిల్లీలో ఎప్పటికి తేలుతుందో గాని, వారసత్వంలో, ఆస్పత్రి సమ్మతిలో, స్టాంపు డ్యూటీలో వీళ్లను కుటుంబంగా లెక్కించే చట్టం అమరావతి నుంచే మొదలుకావచ్చు. పొరుగున మద్రాసు హైకోర్టు 2025 మే నెలలో, కుటుంబం ఏర్పడడానికి పెళ్లి ఒక్కటే మార్గం కాదని, ఎంచుకున్న కుటుంబం కూడా కుటుంబమేనని చెప్పింది.

మరి పెళ్లే చట్టబద్ధం చేయాలా? చేయాలనే నా అభిప్రాయం. పైన రాసిన కాగితాలకు నేను తీసుకున్న ఫీజు తక్కువే, కాని వాళ్లు నాలుగు నెలలు తిరిగారు, ఏడు చోట్ల సంతకాలు చేశారు. ఇంత చేసినా వీలునామా మీద రేపు దావా పడదని హామీ ఇవ్వలేను. పెళ్లి రిజిస్ట్రేషన్‌కు ఒక సంతకం. పైగా మనకు పెళ్లి కాగితం చూపించమని అడిగేవాళ్లే ఉండరు. ఆస్పత్రిలో ‘భర్తను’ అన్నవాణ్ని ఎవరైనా రుజువు అడగడం నేనింతవరకు చూడలేదు.

అయితే ఒక్క వాక్యం చేరిస్తే తీరే పని కాదు. ఈ చట్టాల నిండా భర్త, భార్య అనే మాటలున్నాయి. 15వ సెక్షన్‌లో ‘భర్త’ స్థానంలో ‘జీవిత భాగస్వామి’ అని పెడితే, తర్వాతి మెట్టులో ఉన్న ‘భర్త వారసులు’ ఎవరు? చిన్నామె తండ్రా? ఆ మెట్టు అసలు ఉండాలా? ప్రత్యేక వివాహ చట్టంలో ముప్ఫై రోజుల నోటీసు కూడా అంతే. రిజిస్ట్రారు ఆఫీసులో గోడకు పేర్లు అంటిస్తారు. కులాంతర జంటలకే అది గండం. నెల్లూరులో ఇద్దరు ఆడవాళ్ల పేర్లు నెల రోజులు గోడ మీద ఉంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఆ నోటీసు తీసేయకుండా హక్కు ఇస్తే వాడుకునే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

నా అభిప్రాయం పెద్దామెకు చెప్పాను, చట్టం వస్తే చేసుకుంటారా అని అడిగాను. చిన్నామె ముఖం వెలిగింది. పెద్దామె తల అడ్డంగా ఊపింది.

"ఒకసారి చేసుకున్నాను కదా మేడమ్. ఆయన పోయి పాతికేళ్లు దాటినా నా ఇల్లు వాళ్లదే అన్నారు మీరే. ఇంకో పెళ్లి ఏం తెచ్చి పెడుతుందో! పింఛను పోవడం మాత్రం ఖాయం."

"నీ పింఛను నేనిస్తాలే అక్కా" అంది చిన్నామె.

పదహారేళ్లుగా అక్కా అనే పిలుస్తోంది. ఇంట్లో కూడానా అని అడగబోయి ఆగిపోయాను, అది ఫైలుకు అక్కర్లేని ప్రశ్న.

ఫైలు ప్రస్తుత స్థితి

వీలునామా రిజిస్టరయింది. మరిది వైపు నుంచి ఇంతవరకు కబురు లేదు. చిన్నామె భవిష్యనిధి (పీఎఫ్) ఖాతాలో పెద్దామెను నామినీగా పెట్టాం. తండ్రి ఆమె మీద ఆధారపడినవాడైతే అది కుదిరేది కాదు, ఆయనకు ఉపాధ్యాయ పింఛను వస్తుంది కాబట్టి కుదిరింది. ఆ మధ్య మళ్లీ స్కానుకు వెళ్లినప్పుడు నోటరీ ప్రకటనను చిన్నామె లామినేషన్ చేయించి తీసుకెళ్లింది. లామినేషన్ చేస్తే కాగితం మీద కొత్త స్టాంపు వేయడం కుదరదని ముందే చెప్పవలసింది, మరిచాను. కౌంటరులోని అమ్మాయి దాన్ని చూసి, కంప్యూటర్‌లో సంబంధం దగ్గర ‘ఇతరులు’ నొక్కి లోపలికి పంపిందట.

మిగిలింది చిన్నామె వీలునామా. పెళ్లికాని ఆమెకు ఏమైనా అయితే ఉన్నదంతా తల్లిదండ్రులకు వెళ్తుంది, అందులో ఈ ఇంటి మీద వచ్చే హక్కు కూడా ఉండవచ్చు. ముసాయిదా జనవరిలోనే సిద్ధం చేశాను. సంతకం పెట్టే ముందు తండ్రికి చెబుతానంది. సంక్రాంతికి ఊరు వెళ్లి చెప్పలేకపోయింది. ఉగాదికి వెళ్లింది, ఆయనకు జ్వరం. ముసాయిదా నా బల్ల సొరుగులో ఉంది, తేదీ రాసే చోటు ఖాళీగా.